టోక్యోలో మునివేళ్ల మీద నడుస్తున్నాను

ప్రశ్న: మాది రాజమండ్రి. మావారు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. ఏడాదిన్నర కిందట నేనూ బాబూ ఇక్కడికి వచ్చాం. ఎదొగావా వార్డులో ఉంటున్నాం. బాబుకి మూడేళ్లు దాటాయి. వాడి పరుగుల చప్పుడు ఎక్కువగా ఉందని ఎవరో ఫిర్యాదు చేశారట, మేనేజ్‌మెంట్ కంపెనీ పోస్ట్ బాక్సులో కాగితం వేసింది. ఒకరోజు మా చెత్త సంచి మాత్రం స్టిక్కర్ అంటించి వదిలేశారు. రైల్లో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. వాసనకి ఏమంటారోనని పోపు పెట్టడం మానేశాను. బాబు కదలకుండా ఫోన్ ఇచ్చి కూర్చోబెడుతున్నాను. ఆయన వచ్చేసరికి రాత్రి పది అవుతుంది. చెప్పుకుంటే, ‘అందరూ ఉండట్లేదా, అడ్జస్ట్ అవ్వాలి’ అంటారు. అత్తగారిదీ అదే మాట. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇండియా వచ్చేయాలనుంది. ఆయనేమో ఇంకో మూడేళ్లు తప్పదంటున్నారు. ఏం చేయను?
– ఒక సోదరి

సమాధానం: అమ్మా, ఆ అపార్ట్‌మెంట్ నియమాలు ముగ్గురికీ వర్తిస్తాయి. వాటి టెన్షన్ మాత్రం మొత్తం మీ నెత్తిన పడింది. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. కాగితం వచ్చినా, చెత్త సంచి మిగిలిపోయినా చూసుకోవాల్సింది మీరే. ఆయన రోజంతా ఆఫీసులో ఉంటారు కాబట్టి ఇదంతా ఆయన కంటపడదు. మీరు అడ్జస్ట్ కాలేకపోతున్నారని నేను అనుకోను. పోపు మానేసి, పిల్లాడి పరుగు ఆపేసి, మునివేళ్ల మీద నడుస్తున్న మనిషి ఇంకేం సర్దుకోవాలి?

ముందు చప్పుడు సంగతి. అక్కడ చాలా ఇళ్లలో కింద గదిలోకి అడుగుల శబ్దం గట్టిగానే వినిపిస్తుంది. జపాన్ కుటుంబాలకీ ఇలాంటి కాగితాలు వస్తుంటాయి. అందుకని దీన్ని విదేశీయుల మీద కోపమని తీసుకోకండి. బాబు తిరిగే గదిలో ఒకదానికొకటి అతికే మందపాటి మ్యాట్లు పరవండి. ఫిర్యాదు చేసిందెవరో కంపెనీ సాధారణంగా చెప్పదు. మీరు ఊహించుకుని ఎవరి తలుపూ తట్టొద్దు. మ్యాట్లు వేశామని, రాత్రి ఎనిమిది తర్వాత పరుగులు పెట్టనివ్వడం లేదని కంపెనీకి తెలియజేయండి. ఆ ఫోన్ మీ వారే చేయాలి. అద్దె ఒప్పందం మీద సంతకం ఆయనదైతే మరీను.

చెత్త విషయం ఇంకా తేలిక. కాలేది, కాలనిది, రీసైకిల్‌కి వెళ్లేది వేర్వేరు రోజుల్లో, పొద్దున్నే పెట్టాలి. స్టిక్కర్ అంటించారంటే రోజో రకమో తప్పిందని అర్థం, అంతే. వార్డు ఆఫీసులో ఇంగ్లిష్ క్యాలెండర్ అడిగి తెచ్చుకుని ఫ్రిజ్ మీద అంటించండి. ఆ పని వారంలో ఒక రోజైనా మీ వారు చేయాలి. పోపు మాత్రం మానొద్దు. కిటికీలు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని నిశ్చింతగా పెట్టుకోండి.

రైల్లో ఖాళీ సీటు మీ భ్రమ అని నేననను. చాలామంది విదేశీయులు ఇదే చెబుతారు. 2016లో జపాన్ న్యాయశాఖ తరఫున జరిగిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 39 శాతం మంది విదేశీయులనే కారణంతోనే తమకు ఇల్లు ఇవ్వలేదన్నారు. వివక్ష ఉంది. అలాగని ఎదురయ్యే ప్రతి మౌనాన్నీ ఆ లెక్కలో వేసుకుంటే గడప దాటలేరు. ఎవరైనా నోరు జారినా, ఇల్లు ఇవ్వకపోయినా యొత్సుయాలోని ఫ్రెస్క్ అనే ప్రభుత్వ కేంద్రంలో పలు భాషల్లో సలహా ఇస్తారు. విదేశీయుల కోసమే 2020లో దాన్ని తెరిచారు.

ఇక బాబు. ఇంట్లో కదలనివ్వకపోవడం వాడికీ మీకూ మంచిది కాదు. మూడేళ్లు నిండాయి కాబట్టి యోచియెన్ (అక్కడి కిండర్‌గార్టెన్) గురించి ఆలోచించండి. డేకేర్‌లో సీటుకి తల్లీ తండ్రీ ఇద్దరూ పనిచేస్తున్నట్టు సాధారణంగా చూపించాలి. యోచియెన్‌కి ఆ షరతు లేదు. 2019 అక్టోబరు నుంచి మూడు నుంచి ఐదేళ్ల పిల్లల ఫీజులో నెలకు 25,700 యెన్‌ల దాకా ప్రభుత్వమే భరిస్తోంది. అక్కడ నివాసముండే విదేశీయుల పిల్లలకూ ఇది వర్తిస్తుంది. ఏప్రిల్‌లో చేర్చాలంటే శరదృతువులోనే దరఖాస్తు పెట్టాలి. అప్పటిదాకా వార్డులోని పిల్లల కేంద్రాలకి తీసుకెళ్లండి. అక్కడ వాడు ఎంత గెంతినా ఎవరూ ఏమీ అనరు. మీకూ మరో తల్లి పరిచయం అవుతుంది.

మీకోసం కూడా కొంత సమయం కావాలి. వార్డుల్లో వలంటీర్లు తక్కువ ఖర్చుతో జపనీస్ నేర్పుతారు. డిపెండెంట్ వీసా మీద ఉన్నా అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకు పనిచేయవచ్చు. మీ వార్డులోనే ఉన్న నిషికసాయిలో మనవాళ్లు చాలామందే ఉన్నారు, వెళ్లి కలవండి. ‘మేం పదేళ్ల నుంచి ఉంటున్నాం, మాకేం కాలేదు’ అనేవాళ్ల దగ్గర మాత్రం మనసు విప్పకండి.

నిద్ర లేమి వారాల తరబడి ఉంటే డాక్టర్‌ని కలవండి. ఇంగ్లిష్‌లో మాట్లాడేందుకు టెల్ అనే హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ఇండియా వెళ్లడం తప్పు కాదు. రెండు మూడు నెలలు పుట్టింట్లో ఉండి వస్తే ఊపిరి ఆడుతుంది. అయితే విమానాశ్రయంలో ఇచ్చే కార్డులో తిరిగి వస్తానని టిక్ పెట్టి, రెసిడెన్స్ కార్డు వెంట ఉంచుకోండి. ఏడాదిలోపు, అంతకంటే ముందే వీసా గడువు ముగిస్తే ఆలోపే, వెనక్కి రావాలి. లేకపోతే వీసా పోతుంది. అలిగి కాకుండా, తేదీలు ఇద్దరూ అనుకుని వెళ్లండి.

మీ వారితో మాటకు రాత్రి పదింటి వేళ పనికిరాదు. ఆదివారం పొద్దున బాబు ఆడుకుంటుండగా ఆ కాగితం ముందు పెట్టి కూర్చోండి. కంపెనీకి ఫోన్, చెత్త, యోచియెన్ దరఖాస్తు, వీటిలో ఏవి తనవో ఆయన్నే చెప్పమనండి. అత్తగారికి అక్కడ మీ రోజు ఎలా గడుస్తుందో ఆయనే వివరించాలి. వచ్చే ఏప్రిల్ దాకా ఇలా చేసి చూశాక కూడా మీ మనసు ఇండియాలోనే ఉందంటే, ఆ మూడేళ్ల మాట మళ్లీ చర్చకు రావాల్సిందే. ఈ సంగతి ఆ ఆదివారమే ఆయనకు చెప్పండి.