గంజాయిలాంటి పదార్థం మన మెదడులోనే తయారవుతుందట, అది మెదడును ఎలా కాపాడుతుంది?

నిజమే, తయారవుతుంది. 1992లో జెరూసలేంలో రఫాయెల్ మెషూలమ్ అనే శాస్త్రవేత్త బృందం పంది మెదడులో అలాంటిది ఒకటి కనుక్కుని, మన 'ఆనందం' మీదే దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టింది.

ఒక నాడీకణం పక్కదాని మీదికి, దాన్ని ఉత్తేజపరిచే గ్లుటమేట్ అనే రసాయనాన్ని మరీ ఎక్కువగా వదిలితే, అందుకునే కణంలోకి కాల్షియం వరదలా వచ్చిపడుతుంది, అది ఆగకపోతే కణం చచ్చిపోతుంది కూడా. అందుకే ఆ కణం తన పొరలోని కొవ్వు నుంచి 2-ఏజీ అనే, ఆనందమైడ్ లాంటిదే ఇంకో పదార్థాన్ని అప్పటికప్పుడు చేసి వెనక్కి పంపుతుంది, పంపే కణం మీదున్న సీబీ1 అనే గ్రాహకానికి (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్, గంజాయి కూడా పనిచేసేది దీని మీదే) అది తగలగానే గ్లుటమేట్ తగ్గుతుంది. "చాలు, ఇక ఆపు" అని చెప్పినట్టే. సీబీ1 లేని ఎలుకల్లో మూర్ఛలు మరింత తీవ్రంగా వచ్చాయి.

అలాగని గంజాయి తాగితే మంచిదనుకోకండి, దయచేసి. శరీరం అవసరమైన చోట కాసేపు చేసే పనిని అది మెదడంతా గంటల తరబడి చేస్తుంది, టీనేజ్ పిల్లలకైతే మరీ ప్రమాదం.