కుస్తీ వదలడు, సినిమా అంటాడు: మా అబ్బాయిని ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో ఏడాది. కుస్తీలో రాష్ట్ర స్థాయి దాకా ఆడాడు. ఇప్పుడు చదువు మానేసి టీవీలో చూపించే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్తాడట, అక్కణ్నుంచి సినిమాల్లో క్యారెక్టర్ ఆర్టిస్టు అవుతాడట. చెప్పుకుంటే అందరూ నవ్వుతున్నారు. ఇది మేలా, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మేలా?
– ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. కుస్తీ బదులు ఒకరు క్రికెట్ అంటారు, ఇంకొకరు డాన్స్ అంటారు. 'అందరూ నవ్వుతున్నారు' అన్న మాట మాత్రం అన్నింట్లోనూ ఉంటుంది. పిల్లాడు ఎలా బతుకుతాడన్న దిగులు కన్నా, నలుగురిలో తలెత్తుకోలేనేమో అన్న దిగులే మీకు ఎక్కువున్నట్టుంది. కోపం తెచ్చుకోకండి. వాడు ఏ బరువులో ఆడతాడో కూడా మీరు రాయలేదు. ఒక్కసారైనా వెళ్లి వాడి కుస్తీ చూశారా?

వాడు మీకు దారాసింగ్ పేరు చెప్పే ఉంటాడు. ఆయన 1954లో రుస్తుం-ఎ-హింద్, అంటే దేశానికే కుస్తీ ఛాంపియన్. 1962లో సినిమా హీరో. టీవీ 'రామాయణ్'లో హనుమంతుడిగా ఇంటింటికీ చేరింది 1987లో, అరవైకి దగ్గరపడ్డాక. మధ్యలో ఎన్ని సినిమాలు చేసినా 1983 దాకా గోదా వదల్లేదు. హెరాల్డ్ సకాటా 1948 ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో వెండి గెలిచి, రెజ్లరై, 1964లో జేమ్స్‌బాండ్ సినిమా 'గోల్డ్‌ఫింగర్'లో విలన్ పక్కన అనుచరుడిగా నిలబడ్డాడు. ఆ వేషానికి మాటలే లేవు. హాలీవుడ్ 'గాడ్‌ఫాదర్'లో లూకా బ్రాసీ పాత్ర వేసిన లెన్నీ మోంటానా కూడా రెజ్లరే. మార్లన్ బ్రాండో ఎదుట మాట తడబడితే, దర్శకుడు కొప్పోలా ఆ తడబాటునే పాత్రకు వాడుకున్నాడు. మీవాడికీ అలాంటి దర్శకుడే దొరుకుతాడా?

జిమ్‌లో రెండేళ్లు, ఫోన్లో నాలుగు రీల్స్, ఆపైన విలన్ వేషం అనే ఇప్పటి మోజు మీద నాకైతే నమ్మకం లేదు. ఒళ్లు చూసి పిలిచేది హీరో చేతిలో తన్నులు తినడానికి. అంతకన్నా పెద్ద ఒళ్లు కనబడితే ఆ పిలుపూ రాదు. క్యారెక్టర్ ఆర్టిస్టుకు అన్నం పెట్టేవి గొంతు, చూపు, టైమింగ్. ఇక ఆ టీవీ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే అనుకున్నవైనా, పడటం మాత్రం నిజం. మెడ, మోకాళ్లు వాడివే. కండ తొందరగా రావాలని ఎవడైనా సూది చూపిస్తే, ఆ గుమ్మం మళ్లీ తొక్కొద్దని చెప్పండి.

పోలిక అడిగారు కదా. రైల్వే, పోలీసు లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాకు గుర్తింపున్న పోటీల సర్టిఫికెట్లే లెక్క, టీవీ రెజ్లింగ్ లెక్కలోకి రాదు. అంతే.

మరీ బెంగపడకండి. తెల్లారకముందే లేచి ఒళ్లొంచే కుర్రాడు పాడైపోడు. డిగ్రీ పూర్తిచేయమనండి, గోదా మాన్పించకండి. సాయంత్రాలు ఏదైనా నాటక బృందంలో చేరితే డైలాగు పలకడం వస్తుందో రాదో ఏడాదిలో వాడికే తెలుస్తుంది. నటన కుదరకపోతే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా ఉంది. ఈలోగా వాడి తర్వాతి పోటీ ఎప్పుడో కనుక్కుని, మీరు వెళ్లి ముందు వరసలో కూర్చోండి.