కర్నూలు పాతబస్తీలో కూల్చేసిన ప్రెస్ మిద్దె: నాకు తెలిసిన సంగతులు

పాతబస్తీలో ఈమధ్య కూల్చేసిన రెండంతస్తుల మిద్దెలో ఒకప్పుడు పత్రిక నడిచేదంట, నిజమేనా, దాని చరిత్ర ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. నిజమే. మా పెద్దనాన్న అక్కడ కంపోజిటరు, అంటే అచ్చుకు అక్షరాలు ఏరి కూర్చే పని. క్యారియర్ ఇవ్వడానికి నేనే వెళ్లేవాణ్ణి. పత్రిక పేరు మాత్రం రాయను. ఓనర్ల పిల్లలు ఊళ్లోనే ఉన్నారు, పంపకాల గొడవ ఇంకా తేలలేదు.

అది పత్రిక కోసం కట్టిన మిద్దె కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులకు చోటు చాలక గుడారాలు కూడా వేశారు. ఫారాలు, రిజిస్టర్లు, ఆహ్వాన పత్రాలు అచ్చువేయలేక చచ్చేవాళ్లమని పెద్దనాన్న అనేవాడు. పై అంతస్తు ఆ డబ్బుతో లేచిందే. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది, పని పడిపోయింది. మెషిన్ ఊరికే పడి ఉండటమెందుకని వారపత్రిక పెట్టారు. సమాజసేవ అని తర్వాత ఎవరెన్ని చెప్పినా అసలు సంగతి ఇదే. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించదు.

ఎడిటర్ పైన, టైపు, అంటే సీసపు అక్షరాలు కింద. సీసం బరువుకు పై అంతస్తు ఆగదు కదా! కింద బేతంచెర్ల బండల మీద వరసగా కేసులు, అంటే ఆ అక్షరాలు పెట్టుకునే గళ్ల పెట్టెలు. ఇంగ్లీషుకు రెండు కేసులు చాలు. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి గోడ పొడవునా ఉండేవి. పెళ్లిళ్ల సీజనొస్తే అక్షరాలు చాలేవి కావు. అప్పటికే కూర్చిన పత్రిక మ్యాటర్ విప్పేసి, ఆ టైపుతో శుభలేఖలు కూర్చేవాళ్లు. అందుకే మాఘం, వైశాఖాల్లో పత్రిక వారం ఆలస్యం! చందాదారులకూ అలవాటైపోయింది, ఎందుకంటే ఆ శుభలేఖల్లో సగం వాళ్లిళ్లవే.

1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలయ్యాక ఊరి వార్త తెల్లారేసరికే ఇంటికొచ్చేది. వారం ఆగేదెవరు? తర్వాత కంప్యూటర్లో అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చింది, టైపును కిలోల లెక్కన అమ్మేశారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికొచ్చినప్పుడు కింది గదిలో బైండు చేసిన ఫైళ్లన్నీ బురద ముద్దలయ్యాయి. మట్టితో కట్టిన గోడలు నానిపోయి అప్పటినుంచే పగుళ్లిచ్చాయి.

కాబట్టి చరిత్ర కావాలంటే బయట వెతకాలి. ఒక్క సంచిక దొరికినా చివరి పేజీ అడుగు చూడండి. అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం ప్రింటరు పేరు, అచ్చయిన చోటు వేసి తీరాల్సిందే. ఏటా ఫిబ్రవరి దాటాక వచ్చే మొదటి సంచికలో ఫారం 4 ఉండేది, అందులో యజమాని వివరాలు కూడా దొరుకుతాయి. అప్పట్లో పత్రిక పెట్టేముందు జిల్లా మేజిస్ట్రేటు దగ్గర డిక్లరేషన్ ఇవ్వాల్సి ఉండేది, కాబట్టి కలెక్టరేటులోనూ అడగండి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసిన పాత పత్రికల్లో మనది నాకు కనిపించలేదు, మీరూ ఒకసారి చూడండి.

ఇవేవీ కుదరకపోతే మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె తీయండి. ఆ కాలం శుభలేఖలుంటే అడుగున చిన్నక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. దొరికితే ఫొటో పెట్టండి, ఆ మిద్దెలోని ప్రెస్సుదేనో కాదో చెబుతాను.