వాడని మందు పేరు ల్యాబ్ రిపోర్టులో ఎందుకు?

సందేహం: మా ముర్రా గేదె ఈనిన పది రోజులకే పొదుగువాపు వచ్చింది. సెఫ్ట్రియాక్సోన్ సూదులు మూడు రోజులు వేయించినా ఒక చన్ను తగ్గలేదు. పాలు నీళ్లలా, తరకలతో వస్తున్నాయి. పాలు పరీక్ష చేయిస్తే ‘ఇ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని, సెఫొటాక్సిమ్, సెఫ్టాజిడిమ్ ఎదురుగా ‘ఆర్’ అని ఇచ్చారు. ఈ రెండూ మేం వాడనే లేదు. ఇప్పుడు వేయించాలా?
– ఒక పాడి రైతు, తెనాలి ప్రాంతం

సలహా: వద్దండి. అవి మీ గేదెకు రాసిన మందులు కావు, పాలలోని ఇ.కోలై అనే బ్యాక్టీరియాను పరీక్షించడానికి వాడినవి. ‘ఆర్’ అంటే ఆ మందుకు అది లొంగదని అర్థం.

పరీక్ష ఇలా చేస్తారు. గాజు పళ్లెంలోని పోషక పదార్థంపై బ్యాక్టీరియాను పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఏర్పడుతుంది. సెఫొటాక్సిమ్ ఒక్కటే ఉన్న బిళ్ల పక్కన, దానికి క్లావులానిక్ ఆమ్లం కలిపిన బిళ్ల కూడా పెడతారు. కలిపిన చోట వలయం 5 మిల్లీమీటర్లు, ఆపైన పెరిగితే అసలు సంగతి బయటపడుతుంది: ఈ బ్యాక్టీరియా సెఫలోస్పోరిన్లను (సెఫొటాక్సిమ్, సెఫ్టాజిడిమ్ ఉన్న యాంటీబయాటిక్ కుటుంబాన్ని) విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తోంది, క్లావులానిక్ ఆమ్లం దాన్ని అడ్డుకుంది. ఈఎస్‌బీఎల్ అంటే ఆ ఎంజైమే. సెఫ్ట్రియాక్సోన్ కూడా అదే కుటుంబంలోని మూడో తరం మందు. మీ సూదులు పనిచేయకపోవడానికి చాలావరకు కారణం ఇదే.

పరిశోధకులు కూడా పేడ, మురుగునీటి నమూనాలను సెఫొటాక్సిమ్ కలిపిన పోషక పదార్థంపైనే పెంచుతారు. మామూలు ఇ.కోలై చచ్చి, మొండివి మాత్రమే మిగులుతాయి. ఈ ఎంజైము జన్యువు తరచూ ప్లాస్మిడ్లపై (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాలపై) ఉంటుంది కాబట్టి ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకుతుంది. సెఫలోస్పోరిన్లు మనుషుల ప్రాణాలు నిలిపే మందులు. వీటిని కాపాడుకోవడం పాడి రైతు చేతిలో కూడా ఉంది.

రిపోర్టులో ‘ఎస్’ (బ్యాక్టీరియా లొంగుతుంది) అని ఉన్న మందులను మీ పశువైద్యాధికారికి చూపించండి. వాటిలో ఏది, ఎంత మోతాదు అన్నది ఆయనే నిర్ణయించాలి. మెడికల్ షాపులో అడిగి ఇంకా ‘పెద్ద’ సూది కొని వేయించకండి. ఆ చన్నును చివరగా పిండి, తర్వాత చేతులు కడుక్కోండి. ఆ పాలు దూడకు పట్టకండి. పాలలో మిగిలిన మందు వల్ల దాని పేగుల్లోనూ మొండి బ్యాక్టీరియాయే మిగులుతుంది. పాలు ఎన్ని రోజులు వాడకూడదో మందు లేబుల్‌పై రాసి లేకపోతే ఆఖరి సూది తర్వాత కనీసం 7 రోజులు పాలు కేంద్రానికి పోయకండి.

మళ్లీ ఎప్పుడైనా పొదుగు వాస్తే మొదటి సూదికి ముందే నమూనా తీయించండి. చన్నును స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పట్టి, ఐసు పెట్టెలో అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి.