బత్తాయి రసం చేదెక్కకుండా

అమ్మలూ,

"బండి మీద తాగితే బాగుంటుంది, నేను చేస్తే చేదెందుకు పెద్దమ్మా" అని అడిగావు కదా, ఫోన్లో చెబితే సగమే వింటావని రాస్తున్నా. తప్పు కాయది కాదు, నీ మిక్సీది. బత్తాయిలో చేదంతా గింజల్లో, తొనల మీది తెల్ల పొరల్లో ఉంటుంది, మిక్సీ వాటినీ కలిపి నలగ్గొట్టేస్తుంది. పైగా ఇంకో తిరకాసు ఉంది, తీసినప్పుడు తియ్యగానే ఉన్న రసం కాసేపయ్యాక చేదెక్కుతుంది. పొరల్లోంచి దిగిన పదార్థం రసంలోని పులుపుకి మెల్లగా మారిపోయి లిమోనిన్ అనే చేదు అవుతుందన్నమాట. అందుకే పొద్దున తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుని సాయంత్రం తాగుదామంటే బత్తాయితో కుదరదు. తీశావా, తాగెయ్.

కాయ కొనేటప్పుడు రంగు చూడకు. మన నల్లగొండ బత్తాయి తొక్క పచ్చగా ఉన్నా లోపల పండే ఉంటుంది. ఒకే సైజువి రెండు తీసి చేతుల్లో తూచి చూడు, బరువుగా ఉన్నదే రసం ఉన్నది. తేలిగ్గా ఉండి తొక్క మందంగా, గరుగ్గా ఉంటే లోపల బెండే. ఎండాకాలంలో వచ్చేది కత్తెర కాపు, అప్పుడు కాయ తక్కువ కాబట్టి ధర మండుతుంది, బేరమాడి టెన్షన్ పడకు. పెద్ద గ్లాసుకి మూడు కాయలు, చిన్నవైతే నాలుగు.

కోసే ముందు కాయని గట్టు మీద పెట్టి అరచేత్తో నొక్కుతూ అటూ ఇటూ దొర్లించు, ఫ్రిజ్‌లోంచి తీసిందైతే ఓ పావుగంట బయట ఉంచి. తర్వాత అడ్డంగా కొయ్యి, తొడిమ వైపు నుంచి నిలువుగా కాదు, అడ్డంగా కోస్తేనే అన్ని తొనలూ తెరుచుకుంటాయి. కనబడిన గింజలు చాకు మొనతో తీసెయ్. మధ్యలో గుబ్బ ఉండే ప్లాస్టిక్ జ్యూసర్ ఉంటుందే, అదే చాలు, వేలల్లో మిషన్ కొనకు. మెత్తగా నొక్కి రెండు మూడు తిప్పులు తిప్పు, తెల్ల పొర గుబ్బకి తగులుతోందంటే ఆపెయ్. ఆఖరి చుక్క కోసం కక్కుర్తి పడితే గ్లాసంతా పాడు.

చక్కెర వెంటనే వెయ్యకు, ముందు చిటికెడు ఉప్పు వేసి రుచి చూడు, ఉప్పు చేదుని అణిచి తీపిని పైకి తెస్తుంది. బండి మీద కొంతమంది పాకం నీళ్ళూ ఐసూ దండిగా పోసి చేదు కప్పేస్తారు, నీ నాలుక దానికి అలవాటు పడింది. ఐస్ కరిగితే రసం పలచనవుతుంది, దాని బదులు ఖాళీ గ్లాసులే కాసేపు ఫ్రీజర్‌లో పెట్టుకో.

మీ పెదనాన్నకి షుగర్ కదా, ఆయనకి రసం ఇవ్వను, ఒక కాయ తొనలు ఒలిచి పెడతా. రసమంటే మూడు కాయల తీపి పీచు లేకుండా గటగటా లోపలికి పోవడమే.

జ్యూసర్ మాత్రం తాగిన వెంటనే కడిగెయ్, పిప్పి ఎండిపోయిందంటే ఆ సందుల్లోంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దినా రాదు.

పెద్దమ్మ