రద్దయ్యాక రాసిన కాలమ్‌తో రద్దును ఊహించగలమా?

ప్రశ్న: చందాదారుల్లో వచ్చే నెల ఎవరు మానేస్తారో ముందే చెప్పే మోడల్ తయారుచేశాను. దాదాపు 40 వేల వరుసలు, 26 కాలమ్‌లు. ఎక్స్‌జీబూస్ట్ అనే అల్గారిథమ్ వాడాను. పరీక్షలో 99 శాతం కచ్చితత్వం వచ్చింది. నిజంగా వాడుకలో పెట్టాక మాత్రం, మానేసినవాళ్లలో ఒక్కరి పేరూ అది ఇచ్చిన జాబితాలో లేదు. అల్గారిథమ్ మార్చమంటారా?

జవాబు: మార్చకండి, లోపం అక్కడ లేదు. మీరు పంపిన కాలమ్‌ల పట్టిక చదువుతూ ‘చివరి కాల్ కారణం’ దగ్గర ఆగిపోయాను. మీ దగ్గర చందా రద్దు చేసుకోవాలంటే సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలని మీరే రాశారు. ఆ ఫోన్ తీసిన ఉద్యోగి అదే కాలమ్‌లో ‘రద్దు’ అని నమోదు చేస్తారు. అంటే మానేసినవాళ్ల వరుసల్లో జవాబు ముందే రాసి ఉంది. మోడల్ దాన్ని చూసి అప్పజెప్పింది. వచ్చే నెల మానబోయేవారు ఇంకా ఫోన్ చేయలేదు, వాళ్ల వరుసల్లో ఆ మాట లేదు. అందుకే చేతులెత్తేసింది. దీన్ని డేటా లీకేజీ అంటారు. ‘గడువుకు మిగిలిన రోజులు’ కాలమ్‌నూ అనుమానించండి, రద్దయిన వెంటనే అది సున్నా అవుతుంటే అదీ ఇదే కోవలోది.

పరిష్కారం తేదీతో మొదలవుతుంది. ప్రతి వరుసకూ ఒక ‘నాటికి’ తేదీ పెట్టండి. ఉదాహరణకు మార్చి 31 నాటికి మీకు తెలిసినవి మాత్రమే ఆ వరుసలో ఉండాలి. ఏప్రిల్‌లో మానేశారా లేదా అన్నది ఊహించాల్సిన విషయం. ఒక్కో కాలమ్ మీద వేలు పెట్టి ‘ఆ రోజు రాత్రికి ఇది నా చేతిలో ఉందా?’ అని అడగండి. విసుగు పుట్టించే పనే, కానీ మోడల్‌ను బతికించేది ఇదే. మీ డేటాబేస్ పాత విలువను చెరిపేసి కొత్తది రాసే రకమైతే మార్చి 31 నాటి స్థితి ఇప్పుడు దొరకదు. అప్పుడు ఈ నెల నుంచే నెలాఖరు నకలు దాచడం మొదలుపెట్టండి.

వరుసలను కలగాపులగంగా శిక్షణ, పరీక్ష భాగాలుగా విడదీయడం కూడా మానండి. ఒకే చందాదారు మే వరుస శిక్షణలో, ఏప్రిల్ వరుస పరీక్షలో పడితే ఆ ఫలితాన్ని నమ్మలేం. పాత నెలలతో నేర్పండి, తర్వాతి నెలలతో పరీక్షించండి.

ఇక ఆ 99 సంగతి. మీ దగ్గర నెలకు నూటికి ముగ్గురు మానేస్తారని రాశారు. ‘ఎవరూ మానరు’ అని కళ్లు మూసుకుని చెప్పినా 97 వస్తుంది! కాబట్టి కచ్చితత్వాన్ని పక్కన పెట్టండి. మీ బృందం నెలకు 200 మందికి ఫోన్ చేయగలిగితే, మోడల్ తన జాబితాలో మొదట నిలిపిన 200 మందిలో నిజంగా మానినవాళ్లెందరో లెక్కపెట్టండి. అదే లెక్కను ‘నెల రోజులుగా లాగిన్ కానివాళ్లు’ అనే ఒక్క నియమంతోనూ వేయండి. ఆ నియమాన్ని దాటలేని మోడల్‌ను వాడుకలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: పట్టిక డేటాకు న్యూరల్ నెట్‌వర్క్ మేలు కాదా?

జవాబు: ముందు గ్రేడియంట్ బూస్టింగ్‌తోనే మొదలుపెట్టండి. ప్రశ్నలతో కొమ్మలుగా చీలే చిన్న నిర్ణయ చెట్లను, ముందువాటి తప్పును తర్వాతిది సరిదిద్దేలా, ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయే పద్ధతి అది, జెరోమ్ ఫ్రీడ్‌మన్ 2001లో ప్రచురించారు. ఎక్స్‌జీబూస్ట్, లైట్‌జీబీఎం, క్యాట్‌బూస్ట్ దాని సంతానమే. సుమారు 10 వేల వరుసలున్న డేటాసెట్ల మీద 2022లో జరిగిన ఒక విస్తృత పోలికలోనూ చెట్ల ఆధారిత మోడళ్లే ముందున్నాయి. పనికిరాని కాలమ్‌లు వాటిని అంతగా తికమకపెట్టవు, ఒక విలువ దగ్గర ఫలితం హఠాత్తుగా మారినా పట్టుకుంటాయి. చిన్న పట్టికలకు ట్యాబ్‌పీఎఫ్ఎన్ లాంటి ముందే శిక్షణ పొందిన నెట్‌వర్క్‌లు ఇప్పుడు గట్టి పోటీ ఇస్తున్నాయి, వాటితోనూ పోల్చి చూసుకోండి.

ప్రశ్న: ఖాళీ గడులను సగటుతో నింపాలా?

జవాబు: ఎక్స్‌జీబూస్ట్‌కు అక్కర్లేదు. ఖాళీ వస్తే ఏ కొమ్మకు పంపాలో అదే నేర్చుకుంటుంది. కాలమ్‌ల విలువలకు బరువులిచ్చి కూడి సంభావ్యత చెప్పే లాజిస్టిక్ రిగ్రెషన్‌కైతే నింపక తప్పదు. ఆ సగటును శిక్షణ భాగం నుంచే తీయండి, ‘ఇది ఖాళీగా ఉండేది’ అని చెప్పే కాలమ్ ఒకటి చేర్చండి. ఆదాయం గడి నింపనివాళ్లు నింపినవాళ్లకంటే వేరుగా ప్రవర్తించవచ్చు, సగటు పెట్టేస్తే ఆ తేడా మోడల్‌కు కనిపించదు.