వందల మంది వచ్చినా వార్త రాదేం?

ప్రశ్న: మా ధర్నాకు వందల మంది వచ్చారు. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. ఇంకెక్కడో నలుగురు కూర్చుంటే ఫొటోతో సహా వేశారు. ఎందుకండీ?

జవాబు: పేపరు డెస్కులో (వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే చోట) చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. డజను డిమాండ్ల కరపత్రం చేతికిస్తే సబ్ ఎడిటర్ హెడ్డింగ్ ఎక్కడ వెతుక్కోవాలి? 1930లో గాంధీ ఉప్పును పట్టుకున్నారు. పూర్ణ స్వరాజ్యం పెద్ద మాట. ఉప్పు మీద పన్నంటే ప్రతి ఇంటికీ తెలుసు. పైగా సబర్మతి నుంచి దండికి 24 రోజుల నడక. విలేకరులకు రోజుకో ఊరు, రోజుకో వార్త. అరెస్టు చేస్తారా లేదా అన్న ఉత్కంఠ సరేసరి! 2011లో సంపదంతా ఒక్క శాతం మంది చేతుల్లోనే పోగుపడుతోందంటూ న్యూయార్క్‌లో బైఠాయించిన ఆక్యుపై ఉద్యమకారుల ‘మేమే 99 శాతం’ నినాదం కూడా హెడ్డింగులో ఇట్టే ఇమిడిపోయింది.

అద్దాలు పగలగొడితే కెమెరాలు వస్తాయి, నిజమే. అప్పుడు వార్తంతా అద్దాల గురించే. మీ డిమాండ్ ఆఖరి పేరాలో ఉంటుంది. చోటు చాలకపోతే మేం ముందు కోసేది ఆ పేరానే. ఈసారి ఒక్కటే అడగండి. నష్టపోయిన మనిషి చేత మాట్లాడించండి, నాయకుల ప్రసంగాలు తగ్గించండి (అలుగుతారు, అలగనివ్వండి). ప్లకార్డు మీద అక్షరాలు ఫొటోలో చదవగలిగేంత పెద్దగా రాయించండి.